రెండు కొడితే రైట్

19 సెప్టెంబర్ 2011, సోమవారం

పదకొండేళ్లుగా రోజూ రాస్తూనే ఉన్నాను. కానీ అది ట్రిప్ షీటు. ఏ స్టేజీలో ఎందరు ఎక్కారు, ఎందరు దిగారు, అంతే. ఈ రోజు నుంచి బస్సులు బంద్. తెలంగాణ వచ్చేదాకా చక్రం కదలదని డిపో గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. రాయడానికి స్టేజీలు లేవు, చేయి మాత్రం ఊరుకోవడం లేదు. అందుకే మా ఇంటామె పద్మలత సరుకుల చీటీలు రాసుకునే నోటుబుక్కు కొట్టేశాను. అడిగితే ఉద్యమం పని అని చెప్పాలి.

అసలు పని వేరే ఉంది. దవాఖాన వాళ్లిచ్చిన ఆపరేషన్ కాగితం నా కండక్టర్ సంచిలో ఉంది. పోయిన వారం అక్కడి డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే బుర్రకెక్కుతుందేమో చూద్దాం. మా బిడ్డ సౌజన్యకు పుట్టుకతోనే వినబడదు. చెవి వెనక కోసి లోపల ఒక మిషన్ పెడతారు. బయట ఇంకో చిన్న మిషన్ తగిలిస్తారు. అప్పుడు చప్పుళ్లు తెలుస్తాయి, మాటలు మెల్లగా నేర్పుకోవాలి. బిడ్డకు ఇప్పుడు మూడేళ్ల ఎనిమిది నెలలు. ఎంత ఆలస్యమైతే అంత లాభం తగ్గిపోతుంది. అక్టోబర్ పదిలోగా తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టి ఇవ్వాలి. లేకపోతే మా వరుస ఇంకో బిడ్డకు పోతుంది.

పద్మలత అక్కడికక్కడే, డాక్టరమ్మ పెన్నుతోనే సంతకం పెట్టేసింది. నేను కళ్లజోడు మర్చిపోయానని చెప్పాను. నాకు కళ్లజోడు లేదు.

ఇంకో సంగతి. అక్కడ మాటలు నేర్పే మేడమ్ ఒకామె ఉంది, గుంటూరు వైపు మనిషి. "ఆపరేషన్ అయ్యాక సైగలు పూర్తిగా మానెయ్యాలండీ. చేతులు వెనక్కి పెట్టుకుని మాట్లాడండి. సైగలకు అలవాటు పడితే పాప మాటలకు బద్ధకిస్తుంది" అంది. కండక్టర్‌ను చేతులు కట్టుకుని మాట్లాడమంటే ఎలా? బస్సు పక్కన రేకు మీద ఒకటి కొడితే స్టాప్, రెండు కొడితే రైట్. నా నోటి కంటే నా అరచేతికే సర్వీసు ఎక్కువ.

21 సెప్టెంబర్

పొద్దంతా ఇంట్లో ఉండటం కొత్త. నా బిడ్డ మధ్యాహ్నం ఎలా పడుకుంటుందో ఈ రోజే చూశాను. నోరు తెరుచుకుని, అచ్చం నాలాగే.

22 సెప్టెంబర్, గురువారం

వింటోంది! నా బిడ్డ వింటోంది!

నిదానంగా రాస్తాను. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే విస్తర్లు. అమ్మను, పద్మలతను, సౌజన్యను తీసుకుని పోయాను. నాలుగు చెక్కబల్లలు కలిపి స్టేజీ కట్టారు. మా బస్సు డ్రైవర్ లింగస్వామన్న సౌజన్యను ఎత్తి ఆ స్టేజీ అంచున కూర్చోబెట్టాడు. వెనక డప్పుల వాళ్లు ఎక్కి, కాళ్లకు గజ్జెలతో దుమ్ము లేపుతూ దరువు మొదలుపెట్టారో లేదో, సౌజన్య లేచి నిలబడింది. అడుగు వేసింది. దరువు మారితే ఆమె అడుగూ మారింది. డప్పుల వైపు వీపు పెట్టి, జనం వైపు తిరిగి ఆడింది. చూసి ఆడిందనడానికి వీల్లేదు!

అమ్మ ఏడ్చేసింది. "నగేశా, సూడరా! నా మనుమరాలు ఇంటున్నది! ఒక్క దరువు తప్పుతలేదు!" చౌరస్తాలో సగం మంది చప్పట్లు కొట్టారు. లింగస్వామన్నయితే "గీ పిల్లకు మిషన్ ఏందిరా, మిషన్ పెట్టాలన్న ఆ డాక్టర్‌కే పెట్టాలె" అన్నాడు.

పద్మలత ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. బిడ్డ పాదాల వైపే చూస్తూ కూర్చుంది.

ఇంకో నవ్వు. అక్కడ జై తెలంగాణ అని పిడికిళ్లు ఎత్తాక అన్నాలు పెట్టారు. ఇంటికి వచ్చాక సౌజన్య వంటింటి గడపలో నిలబడి పిడికిలి ఎత్తింది. ముందు మాకు అర్థం కాలేదు. ఆకలవుతోందట!

23 సెప్టెంబర్

అమ్మ ఈరమ్మ పొద్దున్నే కర్మన్‌ఘాట్ హనుమంతుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. మొక్కు తీరిందట. ముక్కలు వీధంతా పంచింది.

నేను ఊరికే నమ్మే మనిషిని కాను. పరీక్ష పెట్టాను. సౌజన్య కిటికీ పక్క ఇనుప మంచం మీద కూర్చుని బొమ్మకు గౌను వేస్తోంది. ఆ మంచమే ఆమె ఇల్లు. నేను వెనక నుంచి పోయి "సౌజీ!" అని పిలిచాను. గిరుక్కున తిరిగింది. కాసేపాగి మళ్లీ పిలిచాను. మళ్లీ తిరిగింది. సంచి తీసి కాగితం చూశాను. ఇక దీంతో ఏం పని? చింపుదామనుకున్నాను. కానీ సర్కారు కాగితం కదా, ఉండనీ అని మడిచి పెట్టాను.

24 సెప్టెంబర్

పదిహేను సార్లు పిలిచాను, పద్నాలుగు సార్లు తిరిగింది. తిరగని ఆ ఒక్కసారి వంటింట్లో నేల మీద ఉంది. ధ్యాస పల్లీల మీద ఉండి ఉంటుంది.

26 సెప్టెంబర్, సోమవారం

పద్మలత నాలుగు రోజులు చూసింది. ఈ రోజు అంది, "మళ్ల పిలువు. నేను సూస్తా."

పిలిచాను. తిరిగింది. నేను మీసం దువ్వుకున్నాను.

"ఇప్పుడు చేతులు రెండు జేబుల పెట్టుకొని పిలువు."

"చేతులకు, పిలుపుకు ఏం సంబంధం?"

"నువ్వు పిలిచినప్పుడల్లా నీ చెయ్యి ఏం జేస్తున్నదో సూసుకున్నవా? సౌజీ అనుడు, మంచం పట్టె మీద రెండు కొట్టుడు. సౌజీ అనుడు, రెండు కొట్టుడు. బస్సు అనుకుంటున్నవా ఇల్లును?"

జేబుల్లో చేతులు పెట్టుకుని పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. పక్కింటి వాళ్లు వచ్చారు, కింది వాటా వాళ్లు వచ్చారు. నా బిడ్డ మాత్రం బొమ్మ తల దువ్వుకుంటూనే ఉంది. పద్మలత వంగి, రెండంటే రెండు వేళ్లతో మంచం పట్టె మీద రెండుసార్లు కొట్టింది. సౌజన్య తిరిగి చూసి నవ్వింది.

స్టేజీ చెక్కబల్లలది. ఆ దరువు ఆమె పాదాల్లోంచి ఎక్కింది. పద్మలతకు ఆ రోజే తెలుసు. నేను సంతోషంగా ఉన్నానని చెప్పలేదట.

27 సెప్టెంబర్

రాయాలని లేదు.

29 సెప్టెంబర్, గురువారం

ఈ రోజు రాయకుండా ఉండలేను.

పండుగ జాకెట్టు తెచ్చుకోవడానికి పద్మలత, సౌజన్యతో పాటు నేనూ అండాలమ్మ దుకాణానికి పోయాను. పద్మలత ఏళ్లుగా జాకెట్లు కుట్టించుకునేది ఆమె దగ్గరే. పుట్టు చెవిటి అని విన్నాను కానీ ఎప్పుడూ చూడలేదు. మేము లోపలికి అడుగు పెట్టగానే ఆమె కత్తిరింపుల బల్ల మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది. వెనక గుండీలు కుడుతున్న కూతురు స్వప్న తల ఎత్తింది. నేను నోరు తెరిచి నిలబడిపోయాను. నా డిపోలో పని చేయని కండక్టర్!

సౌజన్య కూడా చూసింది. పోయి తనూ ఆ బల్ల మీద రెండు కొట్టింది. అండాలమ్మ కుట్టు మిషన్ ఆపేసి ఆమెను ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టింది. ఇక చేతులు మొదలయ్యాయి. ఏం మాట్లాడుకున్నారో దేవుడికే తెలియాలి. ఎర్ర గుడ్డ, పిల్లి, మీసం. మీసం అంటే నేనే కాబోలు, ఇద్దరూ నా వైపు చూసి నవ్వారు. కాసేపటికి సౌజన్య పిడికిలి ఎత్తింది. అండాలమ్మ ఏమీ అడగకుండా డబ్బాలోంచి రెండు బిస్కెట్లు తీసి ఇచ్చింది.

అరగంటలో ఆమెతో మాట్లాడినంత, నా బిడ్డ నాతో మూడేళ్లలో మాట్లాడలేదు. సంతోషమయింది. అసూయ కూడా అయింది. దాచుకోవడం దేనికి, నోటుబుక్కుకు నేను కొత్తా?

30 సెప్టెంబర్

రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. మిషన్ అక్కర్లేదు. అండాలమ్మకు మిషన్ ఉందా? దుకాణం నడుపుతోంది, పిల్లను చదివిస్తోంది, నవ్వుతూ బతుకుతోంది. బిడ్డకు చేతుల భాష నేర్పిద్దాం. ఇదే మాట పొద్దున్నే పద్మలతకు చెప్పాను. చాలా బాగా చెప్పాను. టెంటు కింద మాట్లాడే నాయకులు కూడా ఇంత బాగా చెప్పరు.

పద్మలత చాయ్ గ్లాసు నా ముందు పెట్టి అంది, "మొన్న ఇనబడుతున్నది, మిషన్ ఎందుకంటివి. ఇయాల ఇనబడకున్నా మంచిదే, మిషన్ ఎందుకంటున్నవ్. నీ మాట రెండు తీర్ల తిరిగింది గాని, సంచిలకెల్లి ఆ కాగితమైతే బయటికి ఒస్తలేదు. నీకు భయమైతున్నదా?"

"భయమేంది?" అన్నాను.

చాయ్ చల్లారిపోయింది.

1 అక్టోబర్

భయమేమీ లేదు.

4 అక్టోబర్, మంగళవారం

సద్దుల బతుకమ్మ. కాలనీ ఆడవాళ్లంతా మైదానంలో వలయం కట్టారు. అమ్మ తంగేడు, గునుగు ఎక్కడెక్కడి నుంచో తెప్పించి నడుము ఎత్తు బతుకమ్మ పేర్చింది. సౌజన్య కొత్త లంగా కట్టుకుని అమ్మకు, పద్మలతకు మధ్య నిలబడింది. ముందున్న వాళ్ల చేతులు చూస్తూ చప్పట్లు కొట్టింది. వాళ్లు వంగితే వంగింది, వాళ్లు తిరిగితే తిరిగింది. ఎంత ముద్దుగా ఉందో. నేను ఈసారి ఏ పరీక్షా పెట్టలేదు. చూస్తూ కూర్చున్నాను, అంతే.

ఆట అయ్యాక ఆడవాళ్లు కూర్చుని సద్దులు పంచుకుంటున్నారు. అమ్మ ఊరి పాట ఒకటి ఎత్తుకుంది. చప్పట్లు లేవు, ఉత్త గొంతే. అందరూ తినడం ఆపి వింటున్నారు. సౌజన్య చుట్టూ చూసింది. ఎవరి చేతులూ కదలడం లేదు. అయినా అందరి ముఖాలూ అమ్మ వైపే ఉన్నాయి. ఒకామె కళ్లు తుడుచుకుంటోంది. సౌజన్యకు అర్థం కాలేదు. లేచి పోయి అమ్మ నోట్లోకి తొంగి చూసింది. తర్వాత అరచేయి అమ్మ గొంతు మీద పెట్టింది.

పెట్టి అలాగే నిలబడిపోయింది. అమ్మ పాట ఆపలేదు. కాసేపటికి ఆ చేయి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. ఏమీ లేదు. మళ్లీ అమ్మ గొంతు, మళ్లీ తన గొంతు. తర్వాత వరుసగా కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి గొంతు పట్టి చూసింది. చివర నా దగ్గరికి వచ్చి నా గొంతు మీద కూడా పెట్టింది. నేను ఏదో ఒకటి మాట్లాడాలి కదా. నాకు మాట రాలేదు.

5 అక్టోబర్

నాకు భయం.

కోస్తారు. ఎముకను తొలుస్తారు. ఇంత చిన్న పిల్లకు మత్తుమందు ఇస్తారు. లేవకపోతే? డాక్టరమ్మ వందల మందికి చేశానంది, అయినా భయమే. ఇది ఒకటి.

రెండోది ఇంకా సిగ్గు. ఆమెకు అందరి మాటలూ వినబడ్డాక నా రెండు దెబ్బలు ఎవరికి కావాలి? నా దగ్గర ఉన్నది అవే. మేడమ్ చేతులు వెనక్కి పెట్టుకోమన్న రోజే నాకు ఈ భయం పట్టుకుంది. సిద్ధాంతాలన్నీ ఆ తర్వాత పుట్టాయి.

పద్మలతకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. పక్కన కూర్చుని "నాకు భయం లేదనుకుంటున్నవా? సంతకం పెట్టినంక మూడు దినాలు అన్నం తినలే. నువ్వు సూడలే, డ్యూటీల ఉన్నవ్" అంది.

7 అక్టోబర్, శుక్రవారం

దసరా మర్నాడు. జమ్మి ఆకు పెట్టే నెపంతో అండాలమ్మ దుకాణానికి పోయాను. స్వప్నను మధ్యలో పెట్టుకుని అడిగాను, "అక్కా, చిన్నప్పుడు నీకు మిషన్ పెడతమంటే పెట్టించుకుందువా?"

అండాలమ్మ చాలాసేపు నవ్వింది. తర్వాత చేతులు తిప్పింది. స్వప్న చెప్పింది, "పెట్టించుకుందునో లేదో నాకెట్ల తెలుస్తది అంటున్నది మా అమ్మ. ఇప్పుడైతే ఇరవై జాకెట్లు పెండింగున్నయి, ఆలోచించే తీరిక లేదంటున్నది."

నాకు సమాధానం దొరకలేదని లేవబోయాను. అండాలమ్మ బల్ల మీద ఒకటి కొట్టింది. ఒకటంటే స్టాప్. కూర్చున్నాను.

ఈసారి ఆమె నవ్వకుండా చేతులు తిప్పింది, స్వప్న ఆగి ఆగి చెప్పింది. "మిషన్ పెట్టియ్యి, పెట్టియ్యకపో, అది మీ ఇష్టం అన్నా. కానీ స్నానం జేసేటప్పుడు మిషన్ తీస్తరు. పండుకునేటప్పుడు తీస్తరు. కరాబైతే బాగు జేసేదాక తీస్తరు. గప్పుడు మీ పిల్ల ఎవరితోని మాట్లాడాలె? చేతులు మాత్రం కట్టెయ్యకుండ్రి అంటున్నది."

నేను అక్కడే సంచి తెరిచాను. పెన్ను లేదు. అండాలమ్మ జాకెట్ల మీద గీతలు గీసే పెన్సిలు ఇవ్వబోతే స్వప్న తన కాలేజీ పెన్ను ఇచ్చింది. కత్తిరింపుల బల్ల మీద పెట్టి సంతకం చేశాను. పదకొండేళ్లలో ఇంత మెల్లగా ఎప్పుడూ రాయలేదు.

ఇంటికి వచ్చి కాగితం పద్మలత చేతిలో పెట్టాను. రెండు సంతకాలూ చూసింది. "కళ్లజోడు దొరికిందా?" అంది.

17 అక్టోబర్, సోమవారం

సమ్మె వాయిదా పడింది. తెలంగాణ ఇంకా రాలేదు, వస్తుంది. బస్సులు కదిలాయి. మొదటి ట్రిప్పుకు పద్మలత, సౌజన్య ఎక్కారు. కోఠి పోవాలని అందరూ తొందర పడుతున్నారు. నేను చివరి మనిషిని ఎక్కించుకుంటుండగానే ముందు నుంచి రేకు మీద రెండు దెబ్బలు వినబడ్డాయి. లింగస్వామన్న బస్సు లాగించాడు. నేను ఉరికి ఫుట్‌బోర్డు ఎక్కాను. చూస్తే సౌజన్య.

"ఏందన్నా, సూస్కోవా?" అన్నాను.

"నాకేం తెల్సురా? దెబ్బ అచ్చం నీదే" అన్నాడు.

9 నవంబర్

సౌజన్య ఆపరేషన్ గదిలోంచి బయటికి వచ్చింది. తలకు పెద్ద కట్టు. కళ్లు తెరిచి పిడికిలి ఎత్తింది. వార్డులో ఎవరో "జై తెలంగాణ!" అన్నారు. నర్సు భీమవరం అమ్మాయి, "ఏంటండీ, ఈ పాప కూడా ఉద్యమంలో ఉందా?" అంది. ఆకలండీ, ఆకలి అని చెప్పి నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఇంత సంతోషం నేనెరగను.

2 డిసెంబర్, శుక్రవారం

మిషన్ ఆన్ చేసే రోజు. చిన్న గది, ఒక టేబుల్, మేడమ్, మేము ముగ్గురం. అమ్మ, లింగస్వామన్న తలుపు బయట. సౌజన్య చెవికి మిషన్ తగిలించి, దాని బిళ్లను తల మీద అంటించారు. మేడమ్ కంప్యూటర్‌లో ఏదో నొక్కి, "చేతులు వెనక్కి పెట్టుకోండి సార్. పేరు పెట్టి పిలవండి" అంది.

పెట్టుకున్నాను. "సౌజీ" అన్నాను. మళ్లీ పిలిచాను.

ఉలిక్కిపడింది. కళ్లు పెద్దవి చేసింది. ఏడుపు అందుకుంది. తన ఏడుపు తనకే కొత్తగా ఉండి టక్కున ఆపేసింది. మళ్లీ ఏడ్చి, మళ్లీ ఆపింది. పద్మలత లేవబోతే మేడమ్ "ఫర్వాలేదమ్మా, భయపడకండి, మొదట్లో ఇంతే" అంది.

సౌజన్య నా వైపు చూసింది. ముఖం వైపు కాదు. చేతులుండాల్సిన చోట. చేతులు లేవు. కుర్చీ దిగి, నా చుట్టూ తిరిగి వెనక్కి వచ్చింది. పట్టుకున్న వేళ్లు విడదీసి, నా కుడి చేయి ముందుకు లాక్కొచ్చింది. టేబుల్ మీద పెట్టి రెండుసార్లు కొట్టింది.

కొట్టి ఆగిపోయింది. టేబుల్ వైపు చూసింది. నా అరచేయి తిప్పి చూసింది. మళ్లీ రెండు కొట్టింది. పుట్టినప్పటి నుంచి ఆమెకు తెలిసిన దెబ్బలే అవి. వాటికి చప్పుడు ఉంటుందని మాత్రం ఇప్పుడే తెలిసింది. నవ్వడం మొదలుపెట్టింది. తన నవ్వు కూడా వినబడింది కాబోలు, నోటి మీద చేయి వేసుకుని మళ్లీ నవ్వింది.

మేడమ్ తిడుతుందేమోనని చూశాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "కొట్టండి సార్. ఇంకోసారి కొట్టండి" అంది.

అప్పటి నుంచి కొడుతూనే ఉన్నాను. ఆటో రేకు, మెట్ల కడ్డీ, నీళ్ల బిందె, అమ్మ వక్కల డబ్బా, ఇంటి తలుపు. నా చేయి పట్టుకుని తిప్పుతోంది, నేను కొడుతున్నాను, ఆమె వింటోంది. ఈసారి నిజంగా వింటోంది. నా కుడి చేయి వాచింది.

అలిసిపోయి ఆరు గంటలకే పడుకుంది. పద్మలత మిషన్ తీసి డబ్బాలో పెట్టింది. ఇక ఆమెకు ఏమీ వినబడదు. కళ్లు మూసుకునే ముందు సౌజన్య మంచం పట్టె మీద ఒకటి కొట్టింది. ఒకటంటే స్టాప్. నేనూ ఒకటి కొట్టాను. నవ్వి పడుకుంది.